పాము పిల్లల పుట్టుక : మానవుడు తెలుసుకొన్న తీరు

“చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టవలె” అని మన పెద్దలు చెప్పిన సామెత తెలుగువారిలో ఎరుగనివారుండరు. పాము పిల్లను చూచి చిన్నదే కదా అని ఉపేక్షించరాదన్నది ఈ సామెతలోని హెచ్చరిక. కాని ఆ పాము పిల్ల ఎక్కడ పుట్టినది, ఎట్లు పుట్టినది, పుట్టిన తరువాత ఎవరు దానికి ఆహారం పెట్టినారు, దానికి కోరలు ఎప్పుడు వచ్చినవి, విషం ఎప్పుడు వచ్చినది అని అడిగితే మనలో చాలామంది సమాధానం చెప్పలేరు. మనకు తెలియకపోవుటలో వింత లేదు. పాము ఇంటి చూరులోనే తిరుగుతున్నా, పొలం గట్టునే నివసిస్తున్నా, దాని ప్రసవం మాత్రం మనిషి కంట పడకుండా పుట్టలోనో, ఎలుక బొరియలోనో, ఆకుల కుప్ప క్రిందనో జరిగిపోతుంది. కంటికి కనపడని చోట ఊహ ప్రవేశిస్తుంది. అందువల్లనే పాము పిల్లల పుట్టుకను గురించి అన్ని దేశాలలోను కథలు అల్లుకొన్నవి. ఆ కథలను ఒక్కొక్కటిగా పరీక్షించి, నిజాన్ని వేరుచేసి తీయుటకు శాస్త్రానికి రెండు వేల సంవత్సరాలకు పైగా పట్టినది. ఆ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా పరిశీలింతము.

పురాణాలలో పాము గుడ్లు

మహాభారతం ఆదిపర్వంలోని కద్రూవినతల వృత్తాంతం మనకు సుపరిచితమే. కశ్యపుని వరం వల్ల కద్రువకు వేయి గుడ్లు, వినతకు రెండు గుడ్లు లభించినవి. ఆ గుడ్లను వెచ్చని పాత్రలలో భద్రపరచగా, 500 సంవత్సరాలకు కద్రువ గుడ్ల నుండి సర్పాలు పుట్టినవి. తన గుడ్లు ఇంకా పగులలేదని ఆత్రపడిన వినత ఒక గుడ్డును తానే చిదిపినది. అందులోనుండి సగం దేహం మాత్రమే ఏర్పడిన అనూరుడు వెలువడినాడు. సంఖ్యలను, సంవత్సరాలను ప్రక్కనపెట్టి చూస్తే, ఈ కథలో రెండు చక్కని పరిశీలనలు ఇమిడి ఉన్నవి. పాము గుడ్డు పొదగబడుటకు వెచ్చదనం అవసరం. గడువు తీరక మునుపు గుడ్డును పగులగొడితే పిల్లకు హాని జరుగుతుంది. ఈ రెండూ నేటికీ నిజాలే.

భవిష్య పురాణం మరికొంత ముందుకు పోయి, ఆడపాము వానకాలంలో గర్భం ధరించి కార్తిక మాసంలో 240 గుడ్లు పెడుతుందనీ, వానిలో చాలా భాగాన్ని తానే తినివేసి కొన్నింటిని మాత్రం విడిచిపెడుతుందనీ చెప్పినది. మన పల్లెలలో నేటికీ వినవచ్చే “తన పిల్లలను తానే తినే పాము” అన్న మాటకు ఇది ప్రాచీన రూపం. ఇందులో నిజమెంత అన్నది ముందు చూడగలము. ప్రస్తుతానికి ఒక్క విషయం గమనింతము. పాములు ఇన్ని గుడ్లు పెడుతుంటే లోకమంతా పాములతో నిండిపోలేదేమి అన్న ప్రశ్న ఆ పురాణకర్తకు తట్టినట్లున్నది. ఆ ప్రశ్న సరియైనది. సమాధానంలోనే పొరపాటు ఉన్నది.

ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలోని కల్పస్థానంలో సర్పాలను పడగ గల దర్వీకరాలు, మండలాలు గల మండలులు, చారలు గల రాజిమంతాలు మొదలైన తరగతులుగా విభజించినారు. పాము వయస్సును బట్టి దాని విషప్రభావం మారుతుందనీ, తరుణ వయస్సులోని దర్వీకరం ప్రమాదకరమనీ అందులో చెప్పినారు. పాము వయస్సుకూ విషానికీ సంబంధం ఉన్నదా అన్న ప్రశ్న అంత పూర్వమే మన వైద్యులకు కలిగినదన్నమాట.

గ్రీకుల కట్టుకథ, అరిస్టాటిల్ పరిశీలన

క్రీ. పూ. 5వ శతాబ్దికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా ఇదే ప్రశ్న వేసుకొన్నాడు. పొడపాములు స్వభావసిద్ధంగా పెరిగిపోతే మనుష్యుడు భూమిపై బ్రదుకలేడు గదా అని అతని సందేహం. దానికి అతడు విన్న సమాధానం భయంకరమైనది. జతకూడేటప్పుడు ఆడపాము మగపాము మెడ కొరికి చంపుతుందట! కడుపులోని పిల్లలు తండ్రి చావుకు ప్రతీకారంగా తల్లి గర్భాన్ని కొరికి చీల్చుకొని బయటికి వస్తవట! రోమను రచయిత ప్లినీ ద్వారా ఈ కథ ఐరోపా అంతటా వ్యాపించి, దాదాపు రెండు వేల సంవత్సరాలు నిలిచిపోయినది. తల్లిని చంపి పుట్టే పాము పిల్ల కృతఘ్నతకు గుర్తుగా మారినది.

విచిత్రమేమనగా, ఇదే విషయాన్ని క్రీ. పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ చాలా వరకు సరిగానే వ్రాసినాడు. తక్కిన పాములు బయట గుడ్లు పెడతవనీ, ఆ గుడ్లు హారం వలె ఒకదానికొకటి అంటుకొని ఉంటవనీ, పొడపాము మాత్రం గుడ్లను తన కడుపులోనే ఉంచుకొని పలుచని పొరలలో చుట్టబడిన పిల్లలను కంటుందనీ అతడు చెప్పినాడు. ఒక్క రోజులో ఒకదాని వెంట ఒకటిగా ఇరవైకి పైగా పిల్లలు పుట్టవచ్చుననీ, కొన్ని పిల్లలు లోపలి నుండి కొరుక్కొని బయటికి వస్తవనీ కూడా వ్రాసినాడు. పిల్లలు చీల్చుకొని వచ్చేది తమను చుట్టిన పొరను మాత్రమే. కాని కథలు చెప్పేవారి నోట ఆ పొర తల్లి కడుపైపోయినది!

ఇంగ్లండులో వైద్యుడైన సర్ థామస్ బ్రౌన్ జనంలో ప్రబలిన అపోహలను ఖండిస్తూ 1646లో ప్రకటించిన గ్రంథంలో ఈ పొడపాము కథకు ఒక అధ్యాయాన్ని ప్రత్యేకించి, అది అనుభవానికి విరుద్ధమని వాదించినాడు. పిల్లలను కన్న తరువాత కూడా తల్లిపాము బ్రదికి ఉండుట చూచినవారికి ఈ కథ నిలువదు. అయినను పాత కథ పోయేలోగా మరొక కథ వ్యాప్తిలో ఉండనే ఉన్నది.

ఒక మతగురువు కోసి చూచిన పాము

అపాయం కలిగినప్పుడు తల్లిపాము నోరు తెరచి తన పిల్లలను మ్రింగి, అపాయం తొలగిన పిమ్మట తిరిగి వదలుతుందని ఇంగ్లండు పల్లెవాసులు గట్టిగా నమ్మేవారు. సెల్బోర్న్ గ్రామంలో మతగురువుగా ఉండిన గిల్బర్ట్ వైట్ ప్రకృతి పరిశీలనలో అసమానుడు. 1775 ఆగస్టు 4వ తేదీన పచ్చికలో ఎండ కాచుకొంటూ ఉబ్బిన కడుపుతో కనపడిన ఒక పొడపామును అతడు కోయించి చూచినాడు. కడుపులో 15 పిల్లలు ఉన్నవి. వానిలో అతి చిన్నది కూడా 7 అంగుళాల పొడవున్నది. లావు మాత్రం పెద్ద వానపాము అంతే. బయటికి తీయగానే అవి మెలికలు తిరిగినవి. పుల్లతో తాకగా తల ఎత్తి, నోరు బార్లా తెరచి బెదిరించినవి. పుట్టుక పూర్తికాని ఆ కూనలకు ఆ పౌరుషం ఎవరు నేర్పినారు?

ఇక వైట్ చేసిన తర్కం చూడుడు. తల్లి ఈ పిల్లలను నోటితో మ్రింగి ఉంటే అవి గొంతు భాగంలో కనపడవలె. కాని ఇవి ఉన్నది పొట్ట వెనుక భాగంలో. కాబట్టి ఇవి ఇంకా లోకాన్ని చూడని పిల్లలే. పల్లెవాసులు చూచిన దృశ్యం నిజమే కావచ్చును. చంపిన పాము కడుపులో పిల్లలు కదులుతూ ఉంటవి. దానికి వారు చెప్పుకొన్న కారణమే తప్పు. వైట్ భూతద్దంతో వెదకినా ఆ పిల్లలకు కోరలు కనపడలేదు. అవి నెలలు నిండని పిల్లలు కావచ్చును. గడువు నిండి పుట్టిన విషసర్ప శిశువుకు కోరలు, విషగ్రంథులు పుట్టుకతోనే పనిచేయుటకు సిద్ధంగా ఉంటవని తరువాతి పరిశోధనల వల్ల తేలినది.

విశాఖపట్టణంలో రస్సెల్

సర్పశాస్త్ర చరిత్రలో తెలుగుదేశానికి విశిష్టమైన స్థానం ఉన్నది. స్కాట్లండు దేశస్థుడైన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780 ప్రాంతంలో విశాఖపట్టణం చేరి, 1785లో ఈస్టిండియా కంపెనీ వారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడైనాడు. పాముకాటు మరణాలను చూచి అతడు ఒక ముఖ్యమైన అవసరాన్ని గుర్తించినాడు. విషసర్పమేదో, విషం లేనిదేదో వేరుచేసి చెప్పగలిగితే తప్ప వైద్యం సాధ్యం కాదు. ఇందుకై అతడు కోరమాండల్ తీరంలోని పాములను సేకరించి, బొమ్మలు గీయించి, 1796లో ఒక గొప్ప గ్రంథంగా వెలువరించినాడు.

ఆ గ్రంథంలోని పేర్లను చదివితే తెలుగువారికి ఒళ్ళు పులకరిస్తుంది. రస్సెల్ స్థానికులు పిలిచే పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొన్నాడు. కాటుకరేకుల పొడ, చింతనాగు, జెర్రిపోతు, బంగారు పాము ఇత్యాది నామాలు అందులో కలవు. కాటుకరేకుల పొడ అంటే మన రక్తపింజరియే. దానికి 1797లో రస్సెల్ పేరే శాస్త్రీయ నామంలో చేరినది. పసుపు, నలుపు పట్టెల బంగారు పాము పేరు నుండి కట్లపాముల ప్రజాతికి 1803లో డౌడిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ‘బంగారస్’ అని నామకరణం చేసినాడు. నేడు ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా కట్లపామును పేర్కొనునప్పుడు తెలియకుండానే ఒక తెలుగు మాటను ఉచ్చరిస్తున్నాడు. ఈ బంగారు పాము మన కథలోనికి మరల రానున్నది.

1841 : కొండచిలువ సాక్ష్యం

పాము గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుందనీ, శీతరక్తప్రాణి గనుక పక్షి వలె గుడ్లను పొదిగి వెచ్చచేయుట దానికి అసాధ్యమనీ ఐరోపా పండితులు సిద్ధాంతీకరించుకొని ఉండిరి. 1830ల దశకంలో లమార్-పికో అను ఫ్రెంచి యాత్రికుడు భారతదేశం నుండి తిరిగి వెళ్ళి, ఇక్కడి కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టుకొని వానిని పొదుగుతుందనీ, ఆ సమయంలో దాని ఒంటికి వెచ్చదనం వస్తుందనీ పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి నివేదించినాడు. డ్యుమెరిల్ వంటి పేరుమోసిన సరీసృప శాస్త్రజ్ఞులు దీనిని విశ్వసించలేదు. అది యాత్రికుల మాటగానే మిగిలిపోయినది.

కాని 1841లో ఆ అకాడమీ ఉన్న పారిస్ నగరంలోనే, జంతు ప్రదర్శనశాలలోని ఒక కొండచిలువ గుడ్లు పెట్టి, వానిని కుప్పగా చేర్చి, చుట్టలు చుట్టుకొని, తలను పైన ఆనించి కూర్చున్నది. వలాన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు మే, జూన్ మాసాలలో ఆ చుట్టల నడుమ ఉష్ణమాపకాన్ని ఉంచి రోజురోజుకు వెచ్చదనాన్ని కొలిచినాడు. పాము చుట్టల మధ్య వేడి చుట్టుప్రక్కల గాలి వేడి కన్న ఎక్కువగా ఉన్నట్లు తేలినది. గుడ్లలో కొన్ని పిల్లలైనవి. యాత్రికుని మాట నిజమైనది.

అయినను వాదం అంతటితో ముగియలేదు. ఆ వేడి పాము స్వయంగా పుట్టించినదా, లేక బోను క్రింద అమర్చిన వేడియా అని కొందరు సందేహించినారు. 1862లోను, 1881లోను లండన్ జంతు ప్రదర్శనశాలలో మరల కొలతలు జరిగినవి. తుదకు 1966లో హచిసన్, డౌలింగ్, వినెగర్ అను ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు న్యూయార్క్‌లోని ఒక కొండచిలువపై జరిపిన ప్రయోగాలను ప్రకటించి సందేహాన్ని నివృత్తి చేసినారు. గాలి చల్లబడిన కొలది తల్లి కొండచిలువ తన కండరాలను లయబద్ధంగా ముడుచుకొంటూ, అనగా మనం చలికి వణకినట్లు వణకుతూ, అధికంగా ప్రాణవాయువును వినియోగించి, చుట్టూ ఉన్న గాలి కన్న సుమారు 5 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఎక్కువ వేడిని నిలుపుకొనగలదు. ఒక సాధారణ ప్రశ్న తేలుటకు నూట ముప్పది సంవత్సరాలు పట్టినది. “ఇది జరుగదు” అని ముందే నిర్ణయించుకొన్నవారికి జరిగినది కనపడదు. ఉష్ణమాపకానికి అట్టి అభిప్రాయాలు ఉండవు.

గుడ్డును చీల్చే పన్ను

ఆ 1841వ సంవత్సరంలోనే జర్మనీలో యోహానెస్ ముల్లర్ అను శరీరశాస్త్రజ్ఞుడు పాములు, బల్లుల గర్భస్థ శిశువుల పై దవడ ముందు భాగంలో ఉండే ఒక విచిత్రమైన ఆయుధాన్ని వర్ణించినాడు. దీనిని గుడ్డుపన్ను అనవచ్చును. కోడిపిల్ల ముక్కుపై ఉండే గట్టి బొడిపె వంటిది కాదిది. నిజమైన పన్నే. ముందుకు పొడుచుకొని వచ్చి పదునుగా ఉంటుంది.

పాము గుడ్డు పెంకు కోడిగుడ్డు పెంకు వలె పెళుసుగా ఉండదు. పలుచని తోలు వలె మెత్తగా వంగుతుంది. చుట్టూ ఉన్న మట్టిలోని తేమను పీల్చుకొని గుడ్డు కొంత ఉబ్బుతుంది కూడా. గడువు నిండగానే లోపలి పిల్ల తలను అటూ ఇటూ త్రిప్పుతూ గుడ్డుపన్నుతో పెంకును గీరి సన్నని చీలికలు చేస్తుంది. ఒక చీలికలో నుండి ముక్కు బయటపెట్టి మొదటిసారిగా గాలి పీల్చుకొంటుంది. కాని వెంటనే బయటికి రాదు. కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు రోజులు, అలాగే తల బయట పెట్టుకొని ఉంటుంది. బెదిరిస్తే మరల గుడ్డులోనికి ముడుచుకొంటుంది. ఈ వ్యవధిలో మిగిలిన పచ్చసొన దాని పొట్టలోనికి చేరిపోతుంది. ఈ దశలో చూచి జాలిపడి పెంకును చీల్చి సహాయం చేయబోవుట వినత చేసిన పనియే కాగలదు. పిల్ల వెలికివచ్చిన కొద్ది రోజులకే గుడ్డుపన్ను రాలిపోతుంది.

పొట్టలోని పచ్చసొన పాము పిల్లకు తల్లి కట్టి ఇచ్చిన తొలి చద్దిమూట. తల్లిపాముకు పాలు లేవు. మేత తెచ్చి పెట్టుట దానికి తెలియదు. కొన్ని రోజుల పాటు పిల్ల ఏమీ తినకుండానే ఈ నిలువపై బ్రదుకుతుంది. మొదటి వారం పది రోజులకు అటు ఇటుగా తొలి కుబుసం విడుస్తుంది. ఆ తరువాతనే సాధారణంగా మొదటి వేట ఆరంభిస్తుంది.

వాల్ దొర లెక్కలు

మన దేశపు పాములలో ఏది ఎన్ని గుడ్లు పెడుతుంది, పిల్ల ఎంత పొడవు ఉంటుంది, ఏ నెలలో పుడుతుంది అన్న వివరాలను ఓపికగా ప్రోగుచేసిన ఘనత ఫ్రాంక్ వాల్ (1868–1950) అను సైనిక వైద్యునికి చెందుతుంది. సింహళంలో పుట్టి, భారత వైద్య సర్వీసులో పనిచేసిన ఈయన, ఏ ఊరికి బదిలీ అయినా అక్కడ చంపి తెచ్చిన పాములను కోసి, గర్భంలోని గుడ్లను, పిల్లలను లెక్కించి, కొలిచి, తేదీతో సహా నమోదు చేసేవాడు. 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారి పత్రికలో 1905 మొదలు ఈయన వ్రాసిన వ్యాసమాల మన సర్పవిజ్ఞానానికి పునాది. అనవసరంగా చంపబడిన పాములు కూడా ఆయన చేతిలో విద్యాదానం చేసినవి.

ఆయనా, ఆయన తరువాతివారూ సేకరించిన వివరాలను బట్టి మన ప్రాంతపు పాము పిల్లలను ఇట్లు వర్ణింపవచ్చును.

నాగుపాము వేసవిలో డజను మొదలు ముప్పది వరకు గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు, అంటే తొలకరి ప్రాంతాలలో, పిల్లలు వెలువడతవి. ఒక్కొక్కటి జానెడు మొదలు జానెడున్నర వరకు ఉంటుంది. గుడ్డు నుండి బయటపడిన నాడే తల ఎత్తి, వేలెడంత పడగ విప్పి బుసకొట్టగలదు.

రక్తపింజరి గుడ్లు పెట్టదు. ఇది పిల్లలనే కంటుంది. ఒక కాన్పులో 20 మొదలు 40 వరకు పిల్లలు పుట్టుట సాధారణం. ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ. జానెడు పొడవున్న ఈ పిల్లల ఒంటిపై తల్లికి వలెనే గొలుసు వంటి మచ్చల వరుసలు ఉంటవి. ఈ మచ్చలను చూచి కొండచిలువ పిల్ల అని భ్రమపడి చేతపట్టుకొన్నవారు ప్రాణం మీదికి తెచ్చుకొన్నారు. కొండచిలువ పిల్ల పుట్టినప్పుడే మూరెడు పొడవు ఉంటుందని గుర్తుంచుకొంటే ఈ పొరపాటు కొంత తగ్గవచ్చును. మన దేశపు చిన్న పొడపాము కూడా పిల్లలనే కంటుంది. ఆ పిల్లలు బెత్తెడుకు కొంచెం అటు ఇటుగా ఉంటవి.

కట్లపాము, జెర్రిపోతు, నీరుకట్టె గుడ్లు పెట్టే జాతులు. ఇందులో జెర్రిపోతు, నీరుకట్టె విషరహితమైనవి. జెర్రిపోతు పిల్ల జానెడున్నర మొదలు మూరెడు వరకు ఉండి, తల్లికి లేనంత స్పష్టమైన అడ్డపట్టెలతో కనపడుతుంది. దానిని కట్లపాము అనుకొని చంపేవారే ఎక్కువ. పొలంలో ఎలుకలను తిని రైతుకు మేలుచేసే ప్రాణి ఇట్లు పుట్టిన కొద్ది రోజులకే పేరు తెలియని నేరానికి బలి అవుతున్నది.

తండ్రి లేని పిల్లలు

రస్సెల్ విశాఖపట్టణంలో సేకరించిన పాములలో ‘రెండు తలల పాము’ అన్న పేరుతో ఒక చిన్న జీవి ఉన్నది. వానపామంత సన్నగా, నల్లగా, తలకూ తోకకూ తేడా తెలియకుండా ఉండే గుడ్డిపామిది. రస్సెల్ బొమ్మను ఆధారం చేసికొని 1803లో డౌడిన్ దీనికి శాస్త్రీయ నామం ఇచ్చినాడు. పూలకుండీల మట్టితో పాటు ఓడలెక్కి ఈ గుడ్డిపాము ఉష్ణదేశాలన్నింటికీ ప్రాకిపోయినది. ఎక్కడ పట్టి చూచినా ఆడపాములే లభించుట శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినది. మగపాముతో పనిలేకుండానే ఈ పాము పిల్లలను కనగలదని 1970ల దశకంలో ఊహించినారు. దీని కణాలలో క్రోమోజోములు మూడు జతకట్లుగా ఉన్నవని 1987లో నిర్ధారణ అయినది. అనగా దీని పిల్లలన్నీ ఆడపిల్లలే. తల్లికి ప్రతిరూపాలే. రెండు మూడు అంగుళాలు మాత్రమే ఉండే ఒక్క పిల్ల కొత్త దేశంలో దిగినా ఒక వంశాన్ని స్థాపించగలదు.

తక్కిన పాములలో ఆడ మగ భేదం ఎట్లు కలుగుతుంది? మొసళ్ళలో గుడ్డు పొదిగిన వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుంది. పాములలో అట్లు కాదు. క్రోమోజోములే నిర్ణయిస్తవి. చాలా జాతులలో మగదానికి ఒకే రకపు జంట, ఆడదానికి భిన్నమైన జంట ఉంటుంది. ఈ విషయంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రాయ్ చౌధురి ఆధ్వర్యాన పరిశోధించిన లాల్జీ సింగ్ (1947–2017) పేరు స్మరణీయం. ఆయన, ఆయన సహచరులు 1980లో పట్టెల కట్లపాము, అనగా రస్సెల్ చూచిన ఆ బంగారు పాము, ఆడదాని క్రోమోజోములో విశేషంగా ఉండే ఒక డీఎన్ఏ భాగాన్ని వెలువరించినారు. 1987లో ఆయన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి వచ్చిన తరువాత ఆ భాగమే మనుష్యులను గుర్తించే డీఎన్ఏ ముద్రల పద్ధతికి సాధనమైనది. పాము పిల్ల ఆడదా మగదా అన్న ప్రశ్న ఈ విధంగా న్యాయస్థానాలలో తండ్రిని, నేరస్థుని గుర్తుపట్టే విద్యకు దారితీసినది. విజ్ఞానంలో ఏ ప్రశ్నా వ్యర్థం కాదనుటకు ఇంతకన్న నిదర్శనం ఏమి కావలెను?

తల్లి తినునా, కాపాడునా?

ఇప్పుడు పాత ప్రశ్నకు తిరిగి వత్తము. పాము తన పిల్లలను తింటుందా? బోనులలో పెంచిన కొన్ని పాములు చెడిపోయిన గుడ్లను, చచ్చి పుట్టిన పిల్లలను తినుట కానవచ్చినది. ప్రసవంలో పోయిన శక్తిని తిరిగి పొందుటకు అది ఒక మార్గం. కాని బ్రదికి ఉన్న తన సంతానాన్ని వరుసగా భక్షించుట ఏ జాతికీ నియమం కాదు. చాలా జాతులలో తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్లలతో దానికి సంబంధమే ఉండదు.

అట్లని పాముకు మాతృధర్మమే తెలియదనుట కూడా సరికాదు. రాచనాగు ఆకులను ప్రోగుచేసి గూడు కట్టి గుడ్లను కాపాడుతుంది. అమెరికాలోని గిలకపాములు తమ పిల్లలు తొలి కుబుసం విడుచు వరకు వాని దగ్గరనే ఉంటవని ఇటీవలి దశాబ్దాల పరిశీలనల వల్ల తెలిసినది. దక్షిణాఫ్రికాలో గ్రాహం అలెగ్జాండర్ 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారం అక్కడి కొండచిలువ తల్లి, పిల్లలు గుడ్ల నుండి వెలువడిన తరువాత కూడా సుమారు రెండు వారాల పాటు రాత్రివేళ వానిని తన చుట్టలలో వెచ్చగా ఉంచుకొంటుంది. పగలు పోయి ఎండ కాచుకొని వచ్చి, ఆ వేడిని పిల్లలకు పంచుతుంది.

మరి ఇన్ని పిల్లలు ఏమగుచున్నవి? పురాణకర్త, హెరొడోటస్ వేసిన ప్రశ్నకు సమాధానం తల్లి నోటిలో లేదు. ముంగిస, ఉడుము, నెమలి, జెముడుకాకి, డేగ, కుక్క, పెద్ద కప్ప, ఇతర పాములు, ఎండ, వరద, రైతు నాగలి, మనిషి కర్ర, ఇవన్నీ కలిసి పాము పిల్లలను హరిస్తున్నవి. నలభై పిల్లలలో పెద్దవై మరల సంతానం కనేవి వేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే. అధిక సంతానం పాముకు వైభవం కాదు. అది నష్టానికి ముందుగా కట్టుకొన్న లెక్క.

సామెతకు శాస్త్రం చెప్పే సవరణ

పాము పిల్ల కాటు పెద్దపాము కాటు కన్న ప్రమాదమని కొందరు, పిల్లకు విషమే ఉండదని కొందరు అంటారు. రెండూ పొరపాట్లే. విషసర్పపు పిల్లకు పుట్టుకతోనే విషం ఉంటుంది. కొన్ని జాతులలో వయస్సుతో విషంలోని అంశాల పాళ్ళు మారుతవి కూడా. కాని విషం పరిమాణంలో పెద్దపాముదే పైచేయి. కనుక పిల్ల కరచినదని భయంతో ప్రాణం విడువనక్కరలేదు. పిల్లయే కదా అని ఆసుపత్రికి పోకుండా ఉండనూ రాదు. కరచిన అవయవాన్ని కదలించకుండా ఉంచి, కోయుట, పీల్చుట, బిగించి కట్టుట వంటి పనులు చేయక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలె. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పొడపాము ఈ నాలుగింటి విషానికి విరుగుడుగా పనిచేసే మందు ఒకటే.

ఈ జాగ్రత్త ఎంత అవసరమో అంకెలు చెబుతవి. 2020లో ప్రకటితమైన ఒక విస్తృత అధ్యయనం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించినారని అంచనా వేసినది. సగటున ఏటా 58,000 మంది! ఎక్కువ మరణాలు సంభవించిన రాష్ట్రాలలో ఆంధ్రదేశం కూడా ఉన్నది. ఈ మరణాలలో సగం వరకు జూన్, సెప్టెంబరు మాసాల మధ్యనే జరుగుతున్నవి. రైతు పొలంలో దిగేదీ, ఎలుకలు, కప్పలు విస్తరించేదీ, పాము పిల్లలు వెలువడేదీ ఆ నెలలలోనే. కావున వానకాలంలో రాత్రివేళ దీపం లేకుండా నడువకుండుట, కట్టెల మోపులో, గడ్డివామిలో చేయి పెట్టే ముందు కర్రతో కదలించుట, నేలపై కాక మంచంపై దోమతెర కట్టుకొని పండుకొనుట ప్రాణరక్షకాలు.

పెద్ద కర్ర పాము పిల్లను చంపగలదు గాని అది విషసర్పమో, రైతుకు నేస్తమైన జెర్రిపోతో చెప్పలేదు. రస్సెల్ విశాఖపట్టణంలో ఏ అవసరాన్ని గుర్తించి పని ఆరంభించినాడో ఆ అవసరం నేటికీ తీరలేదు. పామును గుర్తుపట్టుట నేర్చుకొనవలె. గడపలో కనపడిన ఒక్క పాము పిల్లను చంపి, భయం తీరినదని నిద్రపోయేవాడు, దాని తోబుట్టువులు మరికొన్ని అక్కడికి దగ్గరలోనే ఉండవచ్చునన్న సంగతి మరచిపోతున్నాడు. దాని పుట్టుకను తెలిసినవాడు మాత్రం కాలు పెట్టే ముందు నేల చూచుకొంటాడు, పెరటిలోని చెత్తకుప్పను తొలగిస్తాడు, ఎలుక బొరియలను పూడ్చుతాడు. రెండు వేల ఏళ్ళ పరిశీలన మనకు సంపాదించి పెట్టిన విజ్ఞానం ఈ పాటి ఉపకారం చేయగలిగితే, గుడ్డు పగులగొట్టిన పిల్లకూ, గుమ్మంలో నిలిచిన మనిషికీ ఇద్దరికీ క్షేమమే.